మా జిల్లాలోని ఇంగ్లండు: కామసముద్రం నుంచి మారికుప్పం దాకా

ప్రయాణాలు చేస్తే పుస్తకాల్లో లేని సంగతులు తెలుస్తాయని పెద్దలు చెబుతారు. ఆ మాట ఎంత నిజమో నాకు ఈసారి దసరా సెలవుల్లో తెలిసింది.

సెలవులకు ముందు మా సోషల్ సారు క్లాసులో అందరికీ ఒక వ్యాసం ఇచ్చారు. "రైల్లో వెళ్లి చరిత్ర ఉన్న ఒక యూరప్ నగరాన్ని చూసినట్టు రాయండి. లండన్, పారిస్, రోమ్, ఏదైనా మీ ఇష్టం. కానీ చరిత్ర మాత్రం సరిగ్గా ఉండాలి" అన్నారు. నేను లండన్ ఎంచుకున్నాను. ఆ రాత్రి అట్లాసు ముందు పెట్టుకొని కూర్చున్నాను గానీ ఒక్క వాక్యం కూడా రాయలేకపోయాను. నేను చూసిన పెద్ద ఊరు బెంగళూరు ఒక్కటే. చూడని ఊరిని చూసినట్టు ఎట్లా రాసేది?

పక్కనే పడుకున్న మా తాత, "ఏం పాపా, ఇంకా నిద్ర పోలేదే?" అని అడిగాడు. సంగతి చెప్పాను. తాత నవ్వి, "సీమ చూసేదానికి విమానం ఎందుకు? మన ఊర్లో రెండు రైళ్లు మారితే సీమే. రేప్పొద్దున చూపిస్తా పా" అన్నాడు. మా తాత కాలంవాళ్లు ఇంగ్లండును సీమ అంటారు. తాత చెప్పిన సీమ ఏదో నాకు అప్పుడే అర్థమైంది. కోలారు గోల్డ్ ఫీల్డ్స్, అదే మనందరం కేజీఎఫ్ అని పిలిచే ఊరు.

కేజీఎఫ్ నాకు కొత్త కాదు. బట్టలకు, ఆసుపత్రికి చాలాసార్లు బస్సులో వెళ్లాను. కానీ చరిత్ర చూడటానికి ఎప్పుడూ వెళ్లలేదు. అందుకే లండన్ వదిలేసి, తాతతో చేసిన ఈ ప్రయాణం గురించే రాస్తున్నాను.

బంగారుపేట దాకా

అమ్మ పొద్దున్నే చిత్రాన్నం చేసి డబ్బాలో పెట్టి ఇచ్చింది. తాత తెల్ల పంచె కట్టుకొని, భుజాన టవలు వేసుకొని, పెట్టెలో నుంచి ఒక చిన్న గుడ్డ మూట తీసి జేబులో పెట్టుకున్నాడు. అదేమిటని అడిగితే "అక్కడికి పోయినాక చూపిస్తా" అన్నాడు.

మన కామసముద్రం స్టేషను చిన్నదే. కానీ మన ఊరి మీదుగా పోయే లైను మాత్రం చాలా పాతది. దక్షిణ భారతంలో మొదటి రైలు 1856లో మద్రాసు రాయపురం నుంచి బయలుదేరింది. 8 సంవత్సరాల తరువాత, 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటు దాకా పట్టాలు వేశారు. కుప్పం, కామసముద్రం, బంగారుపేట అన్నీ ఆ దారిలోనివే. మద్రాసు ఓడరేవులో దిగిన సామాను, సిపాయిలు, దొరలు, ఉత్తరాలు అన్నీ ఈ పట్టాల మీదే మైసూరు రాజ్యంలోకి వచ్చేవి.

రైల్లో నాకు కిటికీ పక్కన చోటు దొరికింది. తాత ప్రతి చెరువునూ చూపించి పేరు చెప్పాడు. మన ప్రాంతంలో పెద్ద చెరువును సముద్రం అని పిలిచే అలవాటు ఉంది. ఊళ్ల పేర్లలో "సముద్రం" ఉన్నంత మాత్రాన అలలు ఉండవని మా క్లాసులో అందరికీ తెలుసు. అయినా బయటివాళ్లకు మన ఊరి పేరు చెప్తే "బీచ్ ఉందా?" అని అడుగుతారు!

బంగారుపేటలో దిగి బండి మారాలి. ఈ ఊరికి బౌరింగ్‌పేట అని ఇంకో పేరు ఉండేది. 1862 నుంచి 1870 దాకా మైసూరును పాలించిన చీఫ్ కమిషనర్ లెవిన్ బెంథామ్ బౌరింగ్ పేరు అది. బెంగళూరులో బౌరింగ్ ఆసుపత్రి కూడా ఆయన పేరుతోనే ఉంది. ఇప్పుడు మనం బంగారుపేట అంటున్నాం. బంగారానికి దారి ఇక్కడే చీలుతుంది కాబట్టి ఆ పేరు బాగా కుదిరింది అనుకున్నాను.

మారికుప్పం బండి

బంగారుపేట నుంచి మారికుప్పం దాకా ఉన్న లైను పొడవు సుమారు 16 కిలోమీటర్లే. మైసూరు ప్రభుత్వం బంగారు గనుల కోసమే దాన్ని వేయించింది. 1894లో రైళ్లు మొదలైనాయి. అంతవరకు గనులకు కావలసిన యంత్రాలు, బొగ్గు, కలప ఎడ్లబండ్ల మీద పోవాల్సి వచ్చేది. అప్పట్లో గనుల్లో అన్నీ ఆవిరి యంత్రాలే. వాటికి బొగ్గు, కట్టెలు ఎంత పెట్టినా చాలేవి కావు. అందుకే రైలు అంత అవసరమైంది.

మేము ఎక్కిన బండి దాదాపు ఖాళీగా ఉంది. ఎదురుగా వచ్చిన బండి మాత్రం కిక్కిరిసి ఉంది. దాంట్లో కేజీఎఫ్ నుంచి బెంగళూరుకు పనికి పోయేవాళ్లు ఉన్నారు. వేలమంది రోజూ తెల్లవారకముందే లేచి ఇట్లా పోయి, రాత్రికి ఇల్లు చేరుతారు. "ఒక కాలంలో పని కోసం జనం ఈ ఊరికి వస్తా ఉండిరి. ఇప్పుడు ఈ ఊరి జనమే పని కోసం బయటికి పోతా ఉండారు" అన్నాడు తాత.

దారిలో స్టేషన్ల పేర్లు నేను నోటుబుక్కులో రాసుకున్నాను. బెమెల్ నగర్, కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్, చివర మారికుప్పం. ఈ పేర్లలోనే సగం చరిత్ర ఉంది. బెమెల్ అంటే 1964లో మొదలైన ప్రభుత్వ కర్మాగారం, పెద్ద పెద్ద మట్టి తవ్వే యంత్రాలు తయారు చేస్తుంది. కోరమాండల్ అంటే బంగాళాఖాతం తీరం. సముద్రమే లేని ఈ రాళ్ల నేలలో ఆ పేరెందుకంటే, ఇక్కడ గని తవ్విన ఒక కంపెనీ ఆ పేరు పెట్టుకుంది. ఛాంపియన్ అంటే ఇక్కడి నేల కింద బంగారం ఎక్కువగా ఉన్న రాతి పొరకు పెట్టిన పేరు. ఆ పొర మీదే ఛాంపియన్ రీఫ్ గని వచ్చింది. ఊరిగాం, మారికుప్పం మాత్రం దొరలు రాకముందు నుంచీ ఉన్న పల్లెలు. మొత్తం మీద ఒకటి కర్మాగారం పేరు, రెండు గనుల పేర్లు, రెండు పల్లెల పేర్లు.

మట్టి కడిగి చూపించినవాళ్లు

ఊరిగాంలో దిగినాము. స్టేషను బయట చెట్టు కింద కూర్చొని చిత్రాన్నం తింటూ ఈ ఊరి కథ మాట్లాడుకున్నాం. కొంత తాత చెప్పాడు. కొంత నేను లైబ్రరీలో చదివి పోయాను.

1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ చనిపోయిన తరువాత బ్రిటిషువాళ్లు మైసూరు రాజ్యం సరిహద్దులు కొలవడం మొదలుపెట్టారు. ఆ పని మీద 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ అనే అధికారి ఈ వైపు వచ్చాడు. ఇక్కడి మట్టిలో బంగారం దొరుకుతుందని జనం చెప్పుకునే మాట విన్నాడు. బంగారం చూపించినవాళ్లకు బహుమానం ఇస్తానని ప్రకటించాడు. అప్పుడు ఊరిగాం పల్లె జనం బండ్ల మీద మట్టి తెచ్చి, ఆయన ఎదుటే నీళ్లతో కడిగి, అడుగున మెరిసే బంగారు రేణువులు చూపించారు. మారికుప్పం దగ్గర జనం గుంతల్లోకి దిగి రాయి తీయడం కూడా ఆయన చూశాడు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒక ప్రశ్న వచ్చింది. కేజీఎఫ్‌లో బంగారం కనిపెట్టింది ఎవరు అని క్విజ్‌లో అడిగితే మనం దొరల పేర్లు చెబుతాం. కానీ వారెన్‌కు మట్టి కడిగి చూపించింది ఎవరు? ఊరిగాం పల్లెవాళ్లే కదా! ఆ పని వాళ్లకు ముందే వచ్చు. వారెన్ దాన్ని కాగితం మీద పెట్టాడు, అంతే. కాగితం మీద ఆయన పేరు నిలిచింది, వీళ్ల పేరు నిలవలేదు.

తరువాత చాలా ఏళ్లు పెద్దగా ఏమీ జరగలేదు. మైఖేల్ లవెల్ అనే ఐర్లండు సైనికుడు న్యూజిలాండ్‌లో యుద్ధం ముగించుకొని వచ్చి బెంగళూరు కంటోన్మెంటులో స్థిరపడ్డాడు. ఆయన వారెన్ రాసిన పాత నివేదిక చదివి, 1871లో ఎడ్లబండి మీద కోలారు వైపు వచ్చి నేలంతా వెతికాడు. మైసూరు ప్రభుత్వాన్ని అడిగి 1875లో తవ్వుకోవడానికి లీజు సంపాదించాడు. బెంగళూరులో లవెల్ రోడ్డు ఈయన పేరుదే. కానీ లోతుగా తవ్వాలంటే చాలా డబ్బు, యంత్రాలు కావాలి. అవి ఆయన దగ్గర లేవు. చివరికి 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ అనే కంపెనీ రంగంలోకి దిగింది. తరువాత కొద్ది ఏళ్లకే మంచి బంగారం ఉన్న పొర దొరికింది. అక్కడి నుంచి ఊరి రూపం మారిపోయింది.

దొరల ఊరు

ఆటోలో ఛాంపియన్ రీఫ్స్ వైపు పోతూ తాత నాకు "సీమ"ను చూపించాడు. నిజంగానే ఆ వీధులు మన ఊళ్ల వీధుల్లా లేవు. పెద్ద పెద్ద తోటల మధ్య ఎర్ర పెంకుల బంగ్లాలు, వాటికి పొడవైన వరండాలు, ఎత్తైన పొగగొట్టాలు. కొన్ని బంగ్లాల్లో మనుషులు ఉన్నారు. కొన్నిట్లో పైకప్పు కూలి లోపల చెట్లు మొలిచాయి. క్లబ్బు, గోల్ఫ్ ఆడే మైదానం, పాత ఆసుపత్రి అన్నీ ఆ కాలంవే. ఛాంపియన్ రీఫ్స్‌లో అవర్ లేడీ ఆఫ్ విక్టరీస్ చర్చి ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. సోషల్ పుస్తకంలో ఉన్న యూరప్ బొమ్మలు గుర్తుకొచ్చాయి. ఇక్కడ ఎండ కూడా తక్కువే కాబట్టి ఆ కాలంలో దొరలు ఈ ఊరిని "చిన్న ఇంగ్లండు" అని పిలుచుకున్నారట.

ఇక్కడికి వచ్చిన తెల్లవాళ్లందరూ గొప్ప దొరలు కారు. ఇంగ్లండుకు నైరుతి మూలన కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉంది. అక్కడ వందల ఏళ్లుగా తగరం, రాగి గనులు ఉండేవి. 19వ శతాబ్దంలో ఆ గనులు దెబ్బతిన్నాక అక్కడి గనిపనివాళ్లు బతుకుదెరువు కోసం ప్రపంచమంతా వెళ్లారు. వాళ్లలో కొందరు కేజీఎఫ్‌కు వచ్చారు. వాళ్ల అలవాటు ప్రకారం గనిలో పని చేయించే పెద్దను "కెప్టెన్" అనేవాళ్లు. ఇటలీ నుంచి వచ్చిన పనివాళ్లు కూడా ఉండేవాళ్లు. అంటే ఆకలికి ఊరు విడిచినవాళ్లు రెండు వైపులా ఉన్నారన్నమాట. కానీ ఇక్కడికి వచ్చాక ఇద్దరి జీతమూ ఒకటి కాదు, ఇద్దరి ఇల్లూ ఒకటి కాదు.

మన పక్క నుంచి వచ్చిన కూలీల్లో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, సేలం వైపు తమిళులు. చిత్తూరు వైపు నుంచి, మన కోలారు పల్లెల నుంచి తెలుగువాళ్లూ వచ్చారు. చాలామంది కరువు వల్ల, కులం పేరుతో ఊళ్లో పడే అవమానాల వల్ల బయటపడినవాళ్లే. కంపెనీ వాళ్లకు ఇచ్చినవి వరసలు వరసలుగా కట్టిన చిన్న గదులు. వాటిని "లైన్లు" అంటారు. తాత నన్ను ఒక లైను ముందుకు తీసుకుపోయాడు. మనిషి నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయేమో అన్నంత ఇరుకు. బంగ్లాకూ లైనుకూ మధ్య నడిచింది పది నిమిషాలే. కానీ రెండు వేరే వేరే దేశాల మాదిరి అనిపించింది.

రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట ఈ గనుల చుట్టూ వెలసిన పేటలు. రాబర్ట్‌సన్ అనేది మైసూరులో బ్రిటిష్ రెసిడెంటుగా పనిచేసిన అధికారి పేరు. అంగళ్లు, మార్కెట్టు అక్కడే. అక్కడ ఒక వీధిలో తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ నాలుగూ ఒకేసారి వినిపిస్తాయి. అంగడాయన తాతతో తెలుగులో, పక్కవాళ్లతో తమిళంలో, ఫోనులో కన్నడంలో మాట్లాడాడు. అట్లాంటి ఊళ్లో ఎవరి భాష ఎక్కువ, ఎవరి భాష తక్కువ అనే మాటకు చోటు లేదు.

కరెంటు వచ్చిన రోజు

కేజీఎఫ్ గురించి మనందరం గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. కావేరి నది మీద శివసముద్రం దగ్గర జలపాతంతో కరెంటు తీసే కేంద్రాన్ని మైసూరు దివాను శేషాద్రి అయ్యర్ కాలంలో తలపెట్టారు. 1902 జూన్ నెలలో అక్కడి నుంచి సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగల మీద కరెంటు కేజీఎఫ్‌కు వచ్చింది. అంత పొడవైన కరెంటు లైను ఆ రోజుల్లో ప్రపంచంలోనే అరుదు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. అంటే రాజధాని కంటే 3 ఏళ్లు ముందే మన గనులకు కరెంటు వచ్చింది. ఆవిరి యంత్రాల స్థానంలో కరెంటు మోటార్లు వచ్చాయి. గనులు ఇంకా లోతుకు పోయాయి. తాగునీళ్లు పాలారు నది మీది బేతమంగళం చెరువు నుంచి వచ్చేవి.

భూమి లోపలి ఊరు

గనుల దగ్గరికి ఇప్పుడు ఎవరినీ పోనివ్వరు. దూరం నుంచే గని నోటి పైన ఉన్న ఎత్తైన ఇనుప కట్టడాన్ని, దాని మీద తుప్పు పట్టిన పెద్ద చక్రాన్ని చూశాం. ఆ చక్రం మీద తిరిగే ఇనుప తాడుకు బోను లాంటి లిఫ్టు వేలాడేది. మనుషులు అందులో నిలబడి భూమిలోకి దిగేవాళ్లు.

ఎంత లోతుకో తెలుసా? ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లు దాటి లోపలికి పోయింది. ప్రపంచంలోనే చాలా లోతైన గనుల్లో అదొకటి. లోపల రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. అందుకే చల్లటి గాలి లోపలికి పంపే యంత్రాలు పెట్టారు. అంత లోతులో పైనున్న కొండ బరువంతా రాతి మీద పడుతుంది. ఒక్కోసారి రాయి ఉన్నట్టుండి బాంబు పేలినట్టు పగిలేది. దాన్ని రాక్ బరస్ట్ అంటారు. ఆ శబ్దానికి పైన ఊళ్లో ఇళ్లు కదిలేవి. లైన్లలో ఆడవాళ్లు పరిగెత్తుకొని గని దగ్గరికి వచ్చి నిలబడేవాళ్లట. రాతి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వచ్చేది, దాని పేరు సిలికోసిస్.

పనివాళ్లు అన్నీ తల వంచుకొని భరించలేదు. 1930లో కంపెనీలు ప్రతి కూలీ వేలిముద్రలు తీసుకొని రిజిస్టరు చేయాలన్నప్పుడు, "మేము దొంగలమా?" అని వేలమంది పని ఆపేశారు. ఆ సమ్మె సుమారు మూడు వారాలు నడిచింది. మన పక్కనున్న క్యాసంబళ్లిలో పుట్టిన కె.సి.రెడ్డిగారు 1947లో మైసూరు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఇక్కడి పల్లెటూళ్లలోనుంచి ఎంత దూరం పోవచ్చో ఆయన చూపించారు.

అంత లోతైన గని సైన్సుకు కూడా ఉపయోగపడింది. న్యూట్రినో అనే అతి చిన్న కణాన్ని పట్టుకోవడం చాలా కష్టం. భూమి పైన మిగతా కిరణాలు అడ్డం వస్తాయి. అందుకని శాస్త్రవేత్తలు ఛాంపియన్ రీఫ్ గనిలో 2 కిలోమీటర్ల కంటే లోతున యంత్రాలు పెట్టి, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ కనుక్కున్నారు. ప్రపంచంలో అట్లా కనుక్కున్న మొదటి చోట్లలో ఇదొకటి.

అప్పుడు తాత జేబులోని గుడ్డ మూట విప్పాడు. లోపల రూపాయి కంటే కొంచెం పెద్దదైన ఇత్తడి బిల్ల ఉంది. దాని మీద ఒక నంబరు మాత్రమే చెక్కి ఉంది. అది మా ముత్తాత బిల్ల. ఆయన ఒక గనిలో లోపలి పని చేశాడు. లోపలికి దిగేటప్పుడు బిల్ల ఇవ్వాలి, పైకి వచ్చినాక తిరిగి తీసుకోవాలి. సాయంత్రం బిల్ల అక్కడే మిగిలిపోతే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క.

"మా నాయన వారానికి ఒకసారి కామసముద్రానికి వస్తా ఉండె. రైలు దిగే లోపలే ఆయప్ప దగ్గు మాకు వినపడతా ఉండె. ఆ దగ్గుతోనే పాయె" అన్నాడు తాత. ఇంకేమీ అనలేదు. నేను బిల్లను చేతిలో పట్టుకొని చూశాను. రెండు వైపులా తిప్పి చూసినా పేరు లేదు.

సైనైడ్ దిబ్బలు

మారికుప్పం వైపు పోతే కొండల్లాగా కనిపించేవి సైనైడ్ దిబ్బలు. అవి దేవుడు చేసిన కొండలు కావు, మనుషులు తీసిన రాయి. గని నుంచి తీసిన రాతిని యంత్రాల కింద పిండిగా కొట్టేవాళ్లు. పాదరసంతో కొంత బంగారం పట్టేవాళ్లు. మిగిలిన పిండిని సైనైడ్ కలిపిన నీళ్లలో నానబెడితే బంగారం కరిగి నీళ్లలోకి వస్తుంది. ఆ నీళ్ల నుంచి జింకుతో బంగారాన్ని వేరుచేసేవాళ్లు. బంగారం పోయిన పిండిని తెచ్చి బయట పోశారు. అదే ఇంత ఎత్తు అయింది. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. సినిమాల్లో పాటలకు ఈ దిబ్బలు అందంగా కనిపిస్తాయి. పక్కన ఉండేవాళ్లు మాత్రం కిటికీలు మూసుకుంటారు.

ఈ గనుల నుంచి 120 ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం వచ్చిందని అంచనా. బ్రిటిషు కాలంలో అది లండన్‌కు పోయింది. మైసూరు ప్రభుత్వానికి రాయల్టీ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో మైసూరు ప్రభుత్వం గనులను తీసుకుంది. తరువాత అవి కేంద్ర ప్రభుత్వం కిందికి వచ్చి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయ్యాయి. అప్పటికి మంచి రాయి అయిపోతూ వచ్చింది. ఒక టన్ను రాయి పిండి చేస్తే కొన్ని గ్రాముల బంగారమే వచ్చేది. తీసే ఖర్చు బంగారం ధరను మించిపోయింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. లిఫ్టులు ఆగిపోయాయి. నీళ్లు తోడే పంపులు కూడా ఆగడంతో గనులు నీళ్లతో నిండిపోయాయి. మా ముత్తాత నడిచిన దారులన్నీ ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి.

కార్న్‌వాల్‌లో ఏం చేశారు?

ఇంటికి వచ్చాక మళ్లీ అట్లాసు తెరిచాను. లండన్ నుంచి నైరుతి వైపు ఒక రైలు లైను కార్న్‌వాల్ చివర పెంజాన్స్ దాకా పోతుంది. దారిలో రెడ్‌రూత్ అనే స్టేషను ఉంది. కేజీఎఫ్‌కు వచ్చిన గనిపనివాళ్ల సొంత ప్రాంతం అదే. అక్కడ కూడా గనులు మూతపడ్డాయి. కానీ అక్కడివాళ్లు పాత ఇంజను ఇళ్లను, పొగగొట్టాలను పడగొట్టలేదు. 2006లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇప్పుడు వాటిని చూడటానికి జనం రైళ్లలో పోతున్నారు.

అదే పనివాళ్లు, అదే కాలం, అదే రకం చక్రాలు. అక్కడ వారసత్వం అంటే, ఇక్కడ తుప్పు అంటున్నాం. మన పక్కన ఉన్నది కాబట్టి చరిత్ర కాదనుకుంటున్నామేమో! గనుల్లో పనిచేసిన పెద్దవాళ్లు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వాళ్లకు గుర్తున్నవి మనం ఇప్పుడు రాసుకోకపోతే, ఊరిగాం పల్లెవాళ్ల మాదిరే వీళ్లూ కాగితం మీద లేకుండా పోతారు.

అందుకని నా తోటి విద్యార్థులకు ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. మీ ఇంట్లో తాత, అవ్వ, పక్కింటి పెద్దవాళ్లు ఎవరైనా గనిలో పనిచేసి ఉంటే, ఒక సాయంత్రం వాళ్ల పక్కన కూర్చోండి. ఏ గని, ఏ పని, ఎంత కూలి, ఏ లైనులో ఉన్నారు, ఏం తిన్నారు, ఎవరు తిరిగి రాలేదు అని అడగండి. మనం చదివేది తెలుగు మీడియం, వాళ్లు చెప్పేది తెలుగులోనే. చెప్పింది చెప్పినట్టే రాసుకోవచ్చు. దీనికి వీసా అవసరం లేదు, టికెట్టు కూడా అవసరం లేదు.

ముగింపు

సారుకు ఈ వ్యాసం చూపించినప్పుడు, "యూరప్ నగరం రాయమంటే కేజీఎఫ్ రాశావే?" అన్నారు. నేను "సార్, అది యూరప్‌వాళ్లు కట్టించిన ఊరే. కానీ కట్టినవాళ్లు మనవాళ్లు" అన్నాను. సారు కాసేపు ఏమీ అనలేదు. తరువాత "సరే, ఇదే పత్రికకు ఇద్దాం" అన్నారు.

ఒక్క విషయం మిగిలింది. ఈ వ్యాసం చివర మా ముత్తాత పేరు రాయాలనుకున్నాను. స్టేషన్లకు కంపెనీల పేర్లున్నాయి, పేటలకు దొరల పేర్లున్నాయి, కనీసం మన పత్రికలోనైనా ఆయన పేరు ఉండాలని నా ఆశ. తాతను అడిగాను. తాత బిల్లను మళ్లీ గుడ్డలో చుడుతూ, "వద్దు పాపా. మీ ముత్తాత ఒక్కడి పేరు రాస్తే ఆయప్పతో కూడా దిగినోళ్లు ఏమనుకుంటారు? రాస్తే అందరివీ రాయల్ల" అన్నాడు.

తాత మాట నిజమే. అందుకే ఆ పేరు ఇక్కడ రాయలేదు. కానీ కొత్త నోటుబుక్కు ఒకటి కొన్నాను. మొదటి పేజీలో ముత్తాత పేరు, పక్కన ఆయన నంబరు రాశాను. రెండో పేజీకి పక్క వీధిలోని తాతను వచ్చే ఆదివారం అడగబోతున్నాను. మీ ఇంట్లో కూడా అట్లాంటి పేరు ఉంటే చెప్పండి, పేజీలు చాలా ఉన్నాయి.